పక్షి తలల హగ్గాదా ఎవరిది? ఒక యూదు శరణార్థి కుటుంబం పుస్తకం, లెక్క తేలని 13 ఏళ్లు

క్లుప్తంగా: జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్న ‘పక్షి తలల హగ్గాదా’ యూదులు పస్కా పండుగ రాత్రి చదివే, సుమారు 1300 నాటి చేతిరాత పుస్తకం. నాజీలు అధికారంలోకి వచ్చేనాటికి అది జర్మనీలోని మారుం అనే యూదు కుటుంబం దగ్గర ఉండేది. 1946లో, తర్వాత ఇజ్రాయెల్ మ్యూజియంలో కలిసిన ఒక మ్యూజియం దాన్ని వేరే ఒక శరణార్థి దగ్గర 600 డాలర్లకు కొన్నది. మధ్యలో 13 ఏళ్లు అది ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో చెప్పే కాగితం లేదు. కాగితం ఎందుకు లేదు, అది లేకపోతే నష్టపోవాల్సింది ఎవరు అన్నదే ఈ వివాదంలో అసలు విషయం.

2016లో మారుం కుటుంబం తరఫున ఒక మనవడు ఈ పుస్తకం తమదేనని బహిరంగంగా అడిగాడు. అప్పటిదాకా అది కళా చరిత్ర చదివేవాళ్లకు, యూదు పండుగల గురించి తెలిసినవాళ్లకు పరిచయమైన పుస్తకం, అంతే. క్లెయిమ్ బయటికి వచ్చాక చాలామందికి ఒక తికమక మొదలైంది. నాజీలు దోచుకున్న వస్తువులను యూరప్ మ్యూజియాలు వెనక్కి ఇవ్వాలని గట్టిగా అడిగే దేశాల్లో ఇజ్రాయెల్ ఒకటి, మరి ఇజ్రాయెల్‌లోనే ఉన్న మ్యూజియం మీద ఒక యూదు కుటుంబం ఇలాంటి క్లెయిమ్ వేయడం ఏంటి? అమ్మినవాడూ యూదుడే, కొన్నదీ యూదుల సంస్థే, పుస్తకమూ యూదులదే. ఇందులో దోపిడీ ఎక్కడుంది?

పుస్తకం ప్రయాణాన్ని, కుటుంబం ప్రయాణాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదు. ఆ రెండూ ఒకే ఇంట్లో మొదలై, 1934 ప్రాంతంలో వేరుపడి, మళ్లీ కలవలేదు.

ఇంట్లో ఉండే పుస్తకం

హగ్గాదా అంటే పస్కా పండుగ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర చదివే పుస్తకం. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు పస్కా, నిర్గమకాండం కొత్త కాదు. ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు అక్కడి నుంచి ఎలా బయటపడ్డారన్న కథను ఆ రాత్రి పిల్లలకు చెప్పాలి, ఎలా చెప్పాలో క్రమం అంతా హగ్గాదాలో ఉంటుంది. తోరా (యూదుల ధర్మశాస్త్రం) చుట్టలు ప్రార్థనా మందిరానికి చెందినవి, సమాజం మొత్తానివి. హగ్గాదా మాత్రం ఇంటి పుస్తకం. అందుకే డబ్బున్న కుటుంబాలు దాన్ని బొమ్మలతో, రంగులతో, బంగారు పూతతో రాయించుకునేవి, పెళ్లిలో ఇచ్చేవి, తర్వాతి తరానికి అప్పగించేవి. మన దగ్గర పాత ఇళ్లలో తాతల నాటి రామాయణం పుస్తకం అట్ట లోపల పిల్లల పుట్టిన తేదీలు రాసి పెట్టేవాళ్లు చూడండి, అలా ఆ పుస్తకాల్లో కుటుంబాల గుర్తులు పేరుకునేవి.

ఇంటి పుస్తకం కావడం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. ప్రార్థనా మందిరం ఆస్తికి జాబితా ఉంటుంది, లైబ్రరీ పుస్తకానికి నంబరు ఉంటుంది. ఇంట్లో తరాలుగా ఉన్న పుస్తకానికి కొన్న రసీదు ఎవరి దగ్గర ఉంటుంది? ఇంట్లో అందరికీ అది తమదని తెలుసు, అంతవరకే.

ఈ హగ్గాదా దక్షిణ జర్మనీలో, రైన్ నది పరిసరాల్లో తయారైందని పండితుల అంచనా. రాసిన లేఖకుడి పేరు మెనహెం. చర్మపత్రాల మీద రాసింది, బొమ్మలున్న అష్కెనాజీ హగ్గాదాల్లో, అంటే జర్మనీ వైపు యూదుల హగ్గాదాల్లో, ఇప్పటివరకు నిలిచినవాటిలో ఇదే అతి పాతది. ఇందులో చాలామంది మనుషులకు పక్షి తలలు ఉంటాయి, ముక్కులతో సహా. మగవాళ్ల నెత్తిన ఆ కాలంలో జర్మనీ యూదులు పెట్టుకోవాల్సి వచ్చిన మొన తేలిన టోపీలు. మనిషి రూపం గీయకూడదన్న నిషేధం వల్ల అలా వేశారని ఒక వాదన ఉంది. అవి మామూలు పక్షులు కావు, సింహం గద్ద కలిసిన గౌరవనీయమైన రూపాలని ఇంకో వాదన. ఏదైనా గానీ ఒక్కసారి చూస్తే మర్చిపోయే పుస్తకం కాదు. ఈ చివరి మాట వివాదంలోనూ పనికొస్తుంది: సాధారణ ప్రార్థన పుస్తకమైతే ‘ఇది మా ఇంట్లో ఉన్నదే’ అని గుర్తుపట్టడం కష్టం. దీని విషయంలో పొరపాటు పడే అవకాశమే లేదు.

మారుం కుటుంబం

లుడ్విగ్ మారుం 1882లో పుట్టాడు. కార్ల్స్‌రూహె నగరంలో పేరున్న లాయరు, సోషల్ డెమోక్రటిక్ పార్టీ నాయకుడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బాడెన్ రాష్ట్రానికి న్యాయశాఖ మంత్రిగా చేశాడు, 1928 నుంచి జర్మన్ పార్లమెంటు సభ్యుడు. 1910లో యోహానాను పెళ్లి చేసుకున్నప్పుడు ఆమె పుట్టింటి వైపు నుంచి ఈ హగ్గాదా కానుకగా వచ్చిందని కుటుంబం చెబుతుంది. యుద్ధానికి ముందు అది మారుంల దగ్గర ఉండేదన్న మాటను మ్యూజియం కూడా కాదనలేదు.

1933 మార్చి 10న, పార్లమెంటు సభ్యుడిగా రక్షణ ఉన్నా లెక్కచేయకుండా, మారుంను అరెస్టు చేశారు. మే 16న ఆయననూ మరికొందరు సోషల్ డెమోక్రాట్ నాయకులనూ ఓపెన్ ట్రక్కులో ఎక్కించి కార్ల్స్‌రూహె వీధుల్లో జనం మధ్య ఊరేగించి, కిస్లావ్ నిర్బంధ శిబిరానికి తీసుకెళ్లారు. ఆయన న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన నగరం అది. 1934 మార్చి 29న శిబిరంలోనే ఆయన్ని గొంతు నులిమి చంపి, ఉరి వేసుకున్నాడని ప్రకటించారు. యుద్ధం అయ్యాక 1948లో కార్ల్స్‌రూహె కోర్టులో జరిగిన విచారణలో అది హత్య అని తేలింది.

యోహానా పిల్లలతో పారిస్ చేరింది. 1940లో జర్మనీ ఫ్రాన్స్ మీద దాడి చేశాక అక్కడి జర్మన్ శరణార్థులకు నిలవనీడ లేకుండా పోయింది. ‘శత్రు దేశస్థులు’ అంటూ ఫ్రెంచి ప్రభుత్వం చాలామంది ఆడవాళ్లను పిరనీస్ కొండల దగ్గర గుర్స్ శిబిరానికి పంపింది. అక్కడి నుంచి మార్సే రేవు, తర్వాత స్పెయిన్, పోర్చుగల్ మీదుగా ఓడ. 1941లో యోహానా, పెద్ద కూతురు న్యూయార్క్ చేరగలిగారు. చిన్న కూతురు బ్రిగిట్ చేరలేదు. ఆమెను 1943లో నాజీలు సోబిబోర్ మరణ శిబిరంలో చంపేశారు.

మార్సే దారి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే ‘పుస్తకం గురించి అప్పుడే ఎందుకు వాకబు చేయలేదు’ అన్న ప్రశ్న సబబుగానే కనిపిస్తుంది. అమెరికా వీసాకు అక్కడ ఉన్న ఎవరో ఒకరు ఆర్థిక హామీ పత్రం ఇవ్వాలి. ఆ వీసా ఉంటేనే పోర్చుగల్ ట్రాన్సిట్ వీసా, అది ఉంటేనే స్పెయిన్ ట్రాన్సిట్ వీసా. వీటన్నిటి పైన విషీ ఫ్రాన్స్ ప్రభుత్వం (ఓటమి తర్వాత జర్మనీకి లొంగి నడిచిన ఫ్రెంచి ప్రభుత్వం) దేశం విడిచి వెళ్లడానికి అనుమతి ఇవ్వాలి, దాన్ని అది అడిగిన వెంటనే ఇచ్చేది కాదు. ప్రతి కాగితానికీ గడువు ఉంటుంది, ఒకటి చేతికి వచ్చేసరికి ఇంకోటి చెల్లకుండా పోయేది. ఓడ టికెట్ వేరే. భర్త హత్యకు గురై, కూతురు వెనక ఉండిపోయి, చేతిలో వారాల గడువున్న కాగితాలతో నిలబడ్డ మనిషి జర్మనీలో వదిలేసిన పుస్తకం ఎక్కడుందని ఆరా తీయలేదంటే ఆ పుస్తకం వదులుకుందని అర్థం తీయడం అన్యాయం.

దేశం విడవాలంటే కట్టాల్సిన లెక్క

నాజీ జర్మనీ యూదులను మొదట్లో వెళ్లగొట్టాలనే చూసింది, కానీ వాళ్ల డబ్బును వెళ్లనివ్వలేదు. రెండు పనులూ ఒకేసారి చేయడానికి వాడిన యంత్రాంగం చాలావరకు పన్నుల చట్టాలే. పైకి చూస్తే అంతా ఆఫీసు పద్ధతిలోనే ఉంటుంది.

దేశం విడిచి పారిపోయేవారి పన్ను 1931 డిసెంబర్‌లోనే వచ్చింది, హిట్లర్‌కు ముందు, ఆర్థిక సంక్షోభంలో పెట్టుబడి బయటికి పోకుండా ఆపడానికి. 2 లక్షల మార్కులకు (మార్కు అప్పటి జర్మనీ కరెన్సీ) మించి ఆస్తి ఉంటే నాలుగో వంతు కట్టాలి. 1934లో నాజీ ప్రభుత్వం ఆ పరిమితిని 50 వేలకు దించింది, దాంతో మామూలు ఇల్లు, చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు కూడా పరిధిలోకి వచ్చారు. పన్ను కట్టాక మిగిలింది బ్లాక్ చేసిన ఖాతాలోకి పోతుంది. అందులోని మార్కులను విదేశీ డబ్బుగా మార్చుకోవాలంటే ప్రభుత్వ బ్యాంకు కోత విధించేది. 1934 మొదట్లో ఆ కోత 20 శాతం, అదే ఏడాది ఆగస్టుకు 65, 1938లో 90, యుద్ధం మొదలైన 1939 సెప్టెంబర్‌కు 96 శాతం. నూరు మార్కులు పెడితే చేతికి వచ్చేది నాలుగు మార్కుల విలువ. 1938 నవంబర్‌లో యూదుల మీద దేశమంతటా జరిగిన దాడుల తర్వాత యూదులందరి మీద కలిపి 100 కోట్ల మార్కుల జరిమానా కూడా వేశారు.

సామాన్లకూ లెక్క ఉండేది. తీసుకెళ్లే ప్రతి వస్తువునూ జాబితాలో రాయాలి: 1933కి ముందు కొన్నవి వేరుగా, తర్వాత కొన్నవి వేరుగా, ప్రయాణం కోసం కొన్నవి వేరుగా. కొత్త వస్తువుల మీద వాటి ధరంత పన్ను పడేది. 1939 ఫిబ్రవరిలో బంగారం, వెండి, నగలు ప్రభుత్వానికి అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది, పెళ్లి ఉంగరం లాంటివి కొన్ని మాత్రం ఉంచుకోవచ్చు. యుద్ధం మొదలయ్యాక చాలా కుటుంబాల సామాన్ల పెట్టెలు హాంబర్గ్ రేవులోనే ఆగిపోయాయి, 1941 నుంచి వాటిని రహస్య పోలీసు విభాగం వేలం వేయించింది, చుట్టుపక్కల జనం వచ్చి కొనుక్కున్నారు. 1941 నవంబర్‌లో ఇంకో ఉత్తర్వుతో విదేశాల్లో ఉన్న జర్మన్ యూదులందరి పౌరసత్వం రద్దు చేసి, వాళ్లు జర్మనీలో వదిలి వెళ్లిన ఆస్తి రాజ్యానిదే అన్నారు. మారుం కుటుంబం వదిలి వచ్చింది ఏదైనా అప్పటికి అక్కడ ఉంటే, నాజీ చట్టం లెక్కన అది ఇక వాళ్లది కాదు.

ఈ పద్ధతిలో చాలామంది విలువైన వస్తువులను జాబితాకు ఎక్కించేవాళ్లు కాదు. తెలిసినవాళ్లకు దాచమని ఇచ్చేవాళ్లు, లేదా ముందుగా దేశం దాటుతున్న వాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లు. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న పాలస్తీనా (జెరూసలేం అందులోనే ఉండేది) వెళ్లేవాళ్లకు ఇందులో కొంత వెసులుబాటు ఉండేది. 1933 ఆగస్టులో కుదిరిన హవారా ఒప్పందం ప్రకారం వాళ్లు జర్మనీ బ్యాంకులో మార్కులు జమ చేస్తే, ఆ డబ్బుతో జర్మన్ సరుకులు పాలస్తీనాకు వచ్చేవి, అవి అమ్ముడయ్యాక వీళ్లకు అక్కడ పౌండ్లు ముట్టేవి. సుమారు 60 వేల మంది జర్మన్ యూదులు ఆ ఏళ్లలో పాలస్తీనా చేరారు. కాబట్టి కార్ల్స్‌రూహెలోని పుస్తకం ఒకటి జెరూసలేంలో తేలడం వింతేమీ కాదు. అది ఎవరి ఇష్టంతో కదిలిందన్నదే ప్రశ్న.

1946లో అమ్మకం

అమ్మిన మనిషి కూడా జర్మనీ నుంచి వచ్చిన యూదు శరణార్థే. కార్ల్స్‌రూహెలో టీచరుగా పనిచేసినవాడు. కొన్నది అప్పటి బెజాలెల్ జాతీయ మ్యూజియం, దాని డైరెక్టర్ మొర్దెకై నార్కిస్. ఆ మ్యూజియమే తర్వాత 1965లో తెరిచిన ఇజ్రాయెల్ మ్యూజియంలో కలిసింది.

ఆ టీచరుకు పుస్తకం ఎలా వచ్చింది? మారుంలు దాచమని ఇచ్చి ఉండొచ్చు. ఇంకెవరో అమ్మి ఉండొచ్చు. ఖాళీ అయిన ఇంట్లోంచి ఎవరో తీసుకుని, చేతులు మారి ఉండొచ్చు. ఈ మూడింటికీ చట్టపరంగా వేర్వేరు అర్థాలు. మారుంలు అమ్మేసి ఉంటే క్లెయిమ్ బలహీనపడుతుంది, భయంతో కారుచౌకగా అమ్మిందైతే మళ్లీ వేరే లెక్క. దాచమని ఇచ్చిందైతే దాచినవాడికి అమ్మే హక్కు లేదు. కాజేసిందైతే సరేసరి. కుటుంబం మాత్రం తాము ఎవరికీ అమ్మలేదని, అమ్మమని ఎవరికీ చెప్పలేదని అంటోంది.

మ్యూజియం వైపు నుంచి చూస్తే 1946 వాతావరణం మర్చిపోకూడదు. అదే ఏడాది మార్చిలో అమెరికా సైన్యం జర్మనీలోని ఓఫెన్‌బాఖ్‌లో ఒక పెద్ద డిపో తెరిచింది. నాజీలు యూరప్ అంతటా యూదుల ఇళ్ల నుంచి, లైబ్రరీల నుంచి కొల్లగొట్టిన పుస్తకాలను అక్కడికి తెచ్చి వేరు చేశారు, డిపో చేతుల మీదుగా 30 లక్షలకు పైగా పుస్తకాలు, పత్రాలు వెళ్లాయి. ముద్రలను, యజమానుల పేరు చీటీలను ఫోటోలు తీసి ఆల్బములుగా పెట్టుకుని, ఏ దేశానిది ఏ పుస్తకమో పోల్చుకునేవాళ్లు. దేశం, సంస్థ తెలిస్తే వెనక్కి పంపారు. యజమాని ఎవరో తేలనివి, యజమానులంతా చనిపోయినవి లక్షల్లో మిగిలాయి. వాటిని పంచడానికి ఏర్పడిన సంస్థకు తత్వవేత్త హన్నా ఆరెంట్ కార్యదర్శిగా పనిచేసింది. సుమారు 5 లక్షల పుస్తకాలు పంచారు, 40 శాతం ఇజ్రాయెల్‌కు, దాదాపు అంతే అమెరికాకు, మిగతావి ఇతర దేశాలకు.

ఆ పని వెనక ఒక సూత్రం ఉంది. వారసులు లేని యూదు ఆస్తికి యూదు సమాజమే వారసురాలు. అప్పటి పరిస్థితిలో అంతకన్నా న్యాయమైన సూత్రం దొరకదు, ఎందుకంటే అది లేకపోతే ఆ పుస్తకాలన్నీ జర్మనీలోనే ఉండిపోయేవి. నార్కిస్ లాంటి వాళ్లకు యూరప్ నుంచి వచ్చిన ఏ పాత పుస్తకాన్ని కొన్నా అది కాపాడటమే. కానీ ఆ సూత్రంలో ఒక షరతు ఉంది కదా, ‘వారసులు లేని’ అని. మారుంలకు వారసులు ఉన్నారు. న్యూయార్క్‌లో ఉన్నారు. సమాజానికి వారసత్వం అనే ఆలోచన అలవాటైపోయి, బతికి ఉన్న కుటుంబాన్ని వెతకాలన్న ఆలోచన వెనకబడిపోయింది. 1300 నాటి బొమ్మల పుస్తకం 600 డాలర్లకు ఎందుకు వస్తోందని, అమ్మేవాడి ఇంట్లో తరతరాలుగా ఉందా అని, అదే నగరంలో దీనికి ముందు ఎవరి దగ్గర ఉండేదని గట్టిగా అడిగి ఉంటే ఈ రోజు గొడవ చాలావరకు ఉండేది కాదు.

1984 నాటి ఉత్తరం

కుటుంబం వాదనలో గట్టి భాగం 13 ఏళ్ల ఖాళీ అనుకుంటారు కొందరు, మ్యూజియం వాదనలో గట్టి భాగం కూడా అదే అనుకుంటారు ఇంకొందరు. నిజానికి మ్యూజియానికి బలం వేరే చోట ఉంది. 1984లో మారుం పెద్ద కూతురు జెరూసలేంలో పుస్తకాన్ని చూసింది. ఆ తర్వాత రాసిన ఉత్తరంలో, ప్రజలందరి ప్రయోజనం కోసం అది మ్యూజియంలోనే ఉండటానికి ఒప్పుకుంటున్నట్టు చెప్పింది.

దీన్ని దానపత్రంగా చదవొచ్చా? రెండు వైపులా మాటలున్నాయి. ‘ఉండనివ్వడం’ వేరు, ‘ఇచ్చేయడం’ వేరు. ఉండనిస్తున్నాను అనే మాట యజమాని మాత్రమే అనగలదు, కాబట్టి ఆ ఉత్తరాన్ని మ్యూజియం అంగీకార పత్రంగా చూపిస్తే, ఆమెకు హక్కు ఉందని కూడా పరోక్షంగా ఒప్పుకున్నట్టే. ఇంకొకటి, ఆమె ఒక్కతే వారసురాలు కాదు. తమ్ముడు ఉన్నాడు, చంపబడ్డ చెల్లెలి వైపు హక్కు ఉంది. అందరి తరఫున మాట్లాడే అధికారం ఆమెకు ఉందా అన్నది వేరే ప్రశ్న. అవతలి వైపు చూస్తే, 1984లో అంతా తెలిసి కూడా అడగని కుటుంబం 2016లో అడిగితే, ఆ 32 ఏళ్లలో మ్యూజియం దాన్ని తనదనే నమ్మకంతో కాపాడింది, ప్రదర్శించింది, పరిశోధకులకు అందుబాటులో ఉంచింది. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం.

చట్టం ఎటు వైపు?

దొంగ వస్తువు విషయంలో దేశాలు ఒకేలా ఆలోచించవు. తనది కానిదాన్ని ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరన్నది ఇంగ్లీషు చట్టం నుంచి వచ్చిన సూత్రం. మన దేశంలో 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షన్‌లో కూడా అదే ఉంది, కొన్ని మినహాయింపులతో. యూరప్‌లోని చాలా దేశాలు మంచి నమ్మకంతో కొన్నవాడికి ఎక్కువ రక్షణ ఇస్తాయి. పైగా అన్ని చోట్లా కాలపరిమితి ఉంటుంది. ఇజ్రాయెల్‌లో చరాస్తుల దావాకు 7 ఏళ్లు, జర్మనీలో 30 ఏళ్లు, మన దగ్గర 3 ఏళ్లు. గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న దాని మీదే కోర్టుల్లో వాదనలన్నీ నడుస్తాయి. మామూలు చట్టాన్ని పట్టుకుంటే నాజీ కాలం నాటి క్లెయిముల్లో చాలావరకు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

1998 డిసెంబర్‌లో 44 దేశాలు కలిసి వాషింగ్టన్ సూత్రాలు అనేవాటిని ఒప్పుకోవడానికి కారణం ఇదే. వాటికి చట్టబద్ధత లేదు, నైతిక ఒప్పందం మాత్రమే. అయితే అందులో 4వ సూత్రం ఈ హగ్గాదా గురించే రాశారా అన్నట్టు ఉంటుంది: గడిచిన కాలాన్నీ ఆనాటి పరిస్థితులనూ దృష్టిలో పెట్టుకుని, వస్తువు చరిత్రలో ఖాళీలు, అస్పష్టతలు తప్పవని గుర్తించాలి. అంటే కాగితం లేకపోవడం అడిగేవాడి తప్పు అన్నట్టు చూడకూడదు. 1933 నుంచి 1946 మధ్య కాగితాలు తెమ్మని కుటుంబాన్ని అడగడం, వాళ్ల కాగితాలను లేకుండా చేసిన పాలనకే సాయం చేసినట్టు అవుతుంది. ఈ విషయంలో మ్యూజియం వాదన బలహీనంగా ఉంది.

సూత్రాల పరిధి గురించి ఒక అభ్యంతరం మాత్రం నిలుస్తుంది. అవి ప్రధానంగా నాజీలు లాక్కున్న కళాఖండాల గురించి. ఇక్కడ నాజీ అధికారి చేతిలో పుస్తకం పడిందనడానికి ఆధారం లేదు. 2024 మార్చిలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు ‘లాక్కోవడం’ అన్న మాటను విస్తరించి, భయంతో, ఒత్తిడితో జరిగిన అమ్మకాలను కూడా అందులో చేర్చాయి. కానీ పారిపోయేటప్పుడు వదిలేసిన వస్తువును సాటి బాధితుడే అమ్మితే ఏమనాలి? పాత సూత్రాలకు ఇలాంటి కేసు కొత్తే.

మూడు పోలికలు

ఆధారం ఉంటే పని ఎంత సులువవుతుందో చెప్పడానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగిలించిన శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. అది చందవరంలో ఉన్నప్పుడు తీసిన పాత ఫోటో ఉంది. దాంతో వాదనకు తావు లేకుండా పోయి, 2016లో గ్యాలరీ దాన్ని భారత్‌కు తిరిగి ఇచ్చింది. హగ్గాదా విషయంలో మొదటి యజమాని ఎవరన్నది అంత స్పష్టంగానే తెలుసు, కానీ ఎలా పోయిందన్నది తెలియదు కాబట్టి ముందుకు కదల్లేదు.

రెండోది బోస్నియా రాజధాని సరాయెవోలో ఉన్న సరాయెవో హగ్గాదా. 1350 ప్రాంతంలో స్పెయిన్ వైపు తయారై, 1492లో యూదులను వెళ్లగొట్టాక శరణార్థులతో పాటు బయటపడిందని భావించే పుస్తకం. 1609లో ఇటలీలో చర్చి తనిఖీ అధికారి ఇందులో అభ్యంతరకరమైనది ఏమీ లేదని సంతకం చేసిన పేజీ ఇప్పటికీ ఉంది. 1894లో ఒక యూదు కుటుంబం దాన్ని సరాయెవో మ్యూజియానికి అమ్మింది. నాజీల కాలంలో అక్కడి ముస్లిం లైబ్రేరియన్ డెర్విష్ కోర్కుత్ దాన్ని దాచాడు, 1992లో మొదలైన బోస్నియా యుద్ధంలోనూ మళ్లీ కాపాడారు. దాని యాజమాన్యం మీద ఇలాంటి గొడవ రాలేదంటే కారణం ఒకటే, కుటుంబం తన ఇష్టంతో అమ్మిన సంగతి అందరికీ తెలుసు.

మూడోది ఇజ్రాయెల్ మ్యూజియం సొంత చరిత్ర లోనిదే. ఫ్రెంచి చిత్రకారుడు పిస్సారో వేసిన పారిస్ వీధి చిత్రం ఒకటి అక్కడ ఉండేది, అది బ్రెస్లావ్ నగరానికి చెందిన యూదు పారిశ్రామికవేత్త మాక్స్ సిల్బర్‌బర్గ్‌ది, నాజీల కాలంలో బలవంతాన వేలంలో పోయింది. 2000లో మ్యూజియం వారసురాలి హక్కును ఒప్పుకుంది. ఆమె దాన్ని చాలా ఏళ్లు మ్యూజియంలోనే అప్పుగా ఉంచింది. ఆమె చనిపోయాక 2014లో లండన్ వేలంలో అది సుమారు 1.97 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. యాజమాన్యం ఒప్పుకున్నంత మాత్రాన వస్తువు మర్నాడే వెళ్లిపోదు. కానీ ఒకరోజు వెళ్లిపోవచ్చు. మ్యూజియాల భయం ఈ రెండో దాని గురించే, అది ఉత్త భయం కూడా కాదు. పుస్తకం ఎవరో కోటీశ్వరుడి లాకర్‌లోకి పోతే 1300 నాటి ఆ బొమ్మలను చూసే అవకాశం మామూలు మనిషికి ఉండదు.

దీని ప్రభావం ఎక్కడిదాకా?

బెర్లిన్ నగర కేంద్ర లైబ్రరీ లాంటి చోట్ల ఇప్పుడు పద్ధతి తిరగబడింది. అక్కడి సిబ్బంది అలమరల్లోని పాత పుస్తకాలను ఒక్కొక్కటిగా తీసి, ముద్రలు, చేతిరాత అంకితాలు, పేరు చీటీలు చూసి, ఆ పేరున్న కుటుంబాన్ని వాళ్లే వెతుకుతున్నారు. మార్కెట్లో వాటిలో చాలావాటికి చిల్లర ధర కూడా రాదు. అయినా మనవలకో, మునిమనవలకో ఆ పుస్తకం చేరుస్తున్నారు. అడిగేవాడు రావాలని ఎదురుచూడకుండా, పెట్టుకున్నవాడే వెతకడం అన్నమాట.

ఇజ్రాయెల్, అమెరికా సంస్థల్లో యుద్ధం తర్వాత చేరిన పుస్తకాలు, పూజా వస్తువులు చాలా ఉన్నాయి. హగ్గాదా కేసులో కుటుంబానికి హక్కు ఉందని తేలితే, ఆ సంస్థలు 1945 తర్వాత కొన్న, తీసుకున్న ప్రతి వస్తువు చరిత్రనూ మళ్లీ తిరగేయాల్సి వస్తుంది. వాటిలో ఎక్కువ భాగానికి అడిగేవాళ్లు ఉండరు, ఎందుకంటే అడగాల్సినవాళ్లు బతకలేదు. కాబట్టి మ్యూజియాలు ఖాళీ అయిపోతాయన్న వాదనలో పస లేదు. పెరిగేది పని. ఆ పనికి డబ్బు, హీబ్రూ, జర్మన్ పాత దస్తావేజులు చదవగల మనుషులు కావాలి, అసలు కొరత అక్కడే ఉంది.

ఈ ఒక్క పుస్తకం విషయంలో మధ్యేమార్గాలు లేకపోలేదు. యాజమాన్యం కుటుంబానిదని రాసి, మ్యూజియం ప్రజల కోసం ఉంచుకోవడానికి పరిహారం ఇవ్వడం ఒకటి. వాషింగ్టన్ సూత్రాలు ‘న్యాయమైన, సముచితమైన పరిష్కారం’ అన్నప్పుడు తిరిగి ఇవ్వడం ఒక్కటే మార్గం అనలేదు. పరిహారం ఎంత అన్న దగ్గర బేరం ఉంటుంది, ఉండనివ్వాలి కూడా. లుడ్విగ్ మారుం ఎవరో, ఈ పుస్తకం ఆయన ఇంట్లో ఉండేదని, ఆయన్ని 1934లో చంపేశారని పుస్తకం పక్కన స్పష్టంగా రాసి పెట్టడానికి మాత్రం ఏ బేరమూ తేలక్కర్లేదు, ఆ సంగతుల మీద ఎవరికీ వివాదం లేదు.